నేను మానేసిన తాగుడు

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మందు ముట్టలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ వాసన నాకు పడదు, అంతే. అయినా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నన్ను తాగుడు మానేసిన మనిషిగా ఎరిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఒకసారి ఒంగోలు బస్సులో పక్కసీటు పెద్దాయన నా మొహం వంక అదేపనిగా చూసి, చివరికి నా చెయ్యి పట్టుకుని, "గట్టిగా నిలబడండి మాస్టారూ. మళ్ళీ జారొద్దు" అన్నాడు. సరేనండి అన్నాను. ఆయన చిలకలూరిపేటలో దిగిపోతాడు. అంతలోపల జరిగినదంతా చెప్పడం కుదిరే పని కాదు.

నేను గుంటూరులో ఒక స్కూల్లో సోషల్ చెబుతాను. మా ఆవిడ ఇంట్లో జాకెట్లు కుడుతుంది, మా చర్చిలో క్వయర్ నడిపిస్తుంది. ఆమె మైకు లేకుండా పాడినా బయట చెప్పుల దగ్గర నిలబడ్డవాళ్ళకు ప్రతి అక్షరం వినిపిస్తుంది. పొదిలి పక్క పల్లెలో కూలిపనికి వెళ్ళే తల్లి దగ్గర, పొలంలో నేర్చుకున్న గొంతు అది. క్రిస్మస్‌కి ఆమె పాడిన పాటను మా సంఘం కుర్రాళ్ళు ఫోనులో తీసి పెట్టారు. అది ఎలా పాకిందో తెలియదు గానీ, జనవరిలో ఒక టీవీ ఛానల్ నుంచి ఫోన్ వచ్చింది. గృహిణుల పాటల పోటీ అట. విజయవాడ వచ్చి పాడమన్నారు. వెళ్ళింది, పాడింది, ఎంపికైంది.

అప్పుడు ఇంగ్లీషులో కొన్ని కాగితాలు ఇచ్చారు. ఆమెవి ఆమె, భర్తగా నావి నేను సంతకాలు పెట్టాం. ప్రశ్నపత్రం రెండుసార్లు చదవండిరా అని ఏటా పిల్లలకు చెప్పే నేను, ఆ కాగితాలు ఒక్కసారి కూడా చదవలేదు.

మిరపకాయలు ఎండబెట్టే రోజుల్లో కెమెరాలతో మా ఇంటికి వచ్చారు. ఏవీ తీయాలన్నారు. ఏవీ అంటే పోటీలో మనిషి పాడబోయే ముందు వేసే చిన్న వీడియో: ఇల్లు, వాకిలి, కష్టసుఖాలు. దాన్ని తీయించే అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. బాగా మర్యాదస్తురాలు. వచ్చీ రాగానే మా ఆవిడను అమ్మా అని పిలిచింది, కుట్టుమిషను మీద చెయ్యి వేసి బాగుందంది. ఆ తర్వాత ఫ్రిజ్ మీద దుప్పటి కప్పించింది. వాషింగ్ మెషీన్‌ను పెరట్లోకి జరిపించింది. గోడ మీది నా ఉత్తమ ఉపాధ్యాయుడి సర్టిఫికెట్ తీయించింది.

"అదెందుకమ్మా?" అన్నాను.

"లైటు పడి మెరుస్తోంది సార్" అంది.

తర్వాత అందరం ఊరవతల రోడ్డు పక్కన ఒక కల్లానికి వెళ్ళాం. ఎకరం మేర ఎర్రగా కాయలు పరిచి ఉన్నాయి. వాటి మధ్య కూర్చుని మా ఆవిడ తొడిమలు తీస్తున్నట్టు కనబడాలి. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో తీసింది కాబట్టి చేతులు వాటంతటవే ఆడాయి. కళ్ళనీళ్ళు మాత్రం రాలేదు. అక్కడ ఆమెకు తప్ప అందరికీ వచ్చాయి. కెమెరా అతను తుమ్మి తుమ్మి చెట్టు కిందికి పోయాడు. ఏవీ అమ్మాయి ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని, అంతసేపూ హైదరాబాదు భాష మాట్లాడిందల్లా, "ఏందక్కా ఈ ఘాటు, నువ్వెట్టా ఉండావు" అనేసింది. అసలు ఊరు ఎక్కడని అడిగితే కనిగిరి అని చెప్పింది. దాంతో మా ఆవిడ మనసు విప్పేసింది. కనిగిరిలో మా ఆవిడకు సొంత పిన్ని ఉంది.

"మీ జీవితంలో పెద్ద కష్టం ఏంటి?" అని ఆ అమ్మాయి అడిగింది.

"ఇప్పుడేం లేదు. ఈయన వంట చేస్తే తినాల్సి రావడం" అంది మా ఆవిడ.

"నవ్వులాట కాదమ్మా. పాత రోజుల్లో?"

అప్పుడు వాళ్ళ నాన్న సంగతి చెప్పింది. ఆమె చిన్నతనంలో మామగారు బాగా తాగేవాడు. తాగొచ్చి కూతుర్ని లేపి పాడమనేవాడు. వింటూ వింటూ ఏడ్చేవాడు, పొద్దున లేస్తే మళ్ళీ మామూలే. ఆమె పదో తరగతికి వచ్చేసరికి మానేశాడు. ఇరవై ఏళ్ళు దాటింది, మళ్ళీ ముట్టలేదు. ఇదంతా ఆమె కెమెరా ముందు నిదానంగా చెప్పింది. ఆ అమ్మాయి మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం రాకుండా వింది.

సాయంత్రం మా వరండాలో నేను స్టీలు గ్లాసుతో మజ్జిగ తాగుతుంటే కూడా తీశారు. గ్లాసు ఇంకొంచెం నిదానంగా దించండి సార్ అంటే, అలాగే దించాను.

ఆ కార్యక్రమం ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. చర్చి అయ్యాక క్వయర్ వాళ్ళంతా మా ఇంట్లోనే పోగయ్యారు. ముందు కల్లం చూపించారు, అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత మా ఆవిడ గొంతు వినిపించింది. "తాగొచ్చి నన్ను లేపి పాడమనేవాడు. వింటూ ఏడ్చేవాడు. పొద్దున లేస్తే మళ్ళీ మామూలే." ఆ మాటల కింద తెర మీద నేనున్నాను. స్టీలు గ్లాసు ఎత్తాను, నిదానంగా దించాను. నా మొహం మీద విషాదమైన వీణ వాయించారు. చివర్లో మేమిద్దరం పొలంగట్టు మీద నడుస్తుంటే ఎవరిదో బరువైన గొంతు, "ఆమె పాటే అతన్ని మార్చింది" అంది. "మా నాన్న" అన్న రెండు మాటలు ఎక్కడా లేవు.

మా ఆవిడ నా వైపు చూసింది. నాకు నవ్వొచ్చింది, నిజం చెప్పాలంటే ఆపుకోలేకపోయాను. తర్వాత అందరూ నవ్వారు. తర్వాత ఆమె పాడింది. టీవీలో కూడా ఆమె గొంతు బాగుంది. ఆ పాట అయ్యేసరికి నా సంగతి మేమంతా మర్చిపోయాం.

ఊరు మర్చిపోలేదు. మర్నాడు హెడ్మాస్టరు గారు గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు.

"ఎప్పుడు మానేశారు?"

"మొదలుపెట్టలేదండి."

"అదేలెండి. ఎన్నాళ్ళనించి మొదలుపెట్టకుండా ఉన్నారు?"

సాయంత్రం మా పాస్టరు అయ్యగారు ఇంటికి వచ్చి నాకోసం చాలాసేపు ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నాక, "నేను తాగనని మీకు తెలుసు గదండి" అన్నాను. "తెలుసు మాస్టారూ. కాని సంఘంలో ముగ్గురు అడిగారు. ప్రార్థన చేసొచ్చానంటే వాళ్ళకి నెమ్మదిగా ఉంటుంది" అన్నారు. పక్క ఊరి సంఘం వాళ్ళయితే వచ్చి సాక్ష్యం చెప్పమని అడిగారు. తాగుడు వదిలినవాళ్ళు సంఘం ముందు నిలబడి తమ కథ చెప్పుకోవడం మాలో ఉన్నదే. చెప్పడానికి నా దగ్గర పాపం లేదని వాళ్ళను ఒప్పించేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది.

అందరికంటే బాధపడింది మా మామగారు. పొదిలి నుంచి ఫోన్ చేశాడు.

"ఏందయ్యా అల్లుడూ, నా తాగుడు తీసుకెళ్ళి నీ నెత్తిన పెట్టారు?"

"పోనీ లే మామా. నాకేం బరువనిపించడం లేదు."

"నీకు బరువు కాదు గదయ్యా. మానింది నేను. ఆ కష్టం నేను పడితే, పేరు నీకా?"

ఆయన కోపం నిజమైన కోపం. నాకు మాత్రం, దాచుకోవడం దేనికి, కొంచెం సరదాగానే ఉంది. టీ కొట్టు దగ్గర కుర్చీ లాగి వేస్తున్నారు. మిర్చియార్డు గేటు దగ్గర ఎవరో ఫోటో దిగుదామన్నారు. ఇరవై రెండేళ్ళు పాఠాలు చెబితే రాని గుర్తింపు ఒక గ్లాసు మజ్జిగతో వచ్చింది.

మా ఆవిడకు సరదాగా లేదు. ఏవీ అమ్మాయికి ఫోన్ చేసింది. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు, అది మెచ్చుకోవాలి.

"నేనే కట్ చేయమన్నానక్కా. మీ నాన్నగారు తెర మీద లేరు, సార్ ఉన్నారు. జడ్జిలకి పాట చాలు. చూసేవాళ్ళకి కథ కావాలంటారు మా పైవాళ్ళు. వారానికి ఆరు కథలు తేవాలి నేను. ఏ కష్టం లేని మనిషిని పోటీలో ఉంచరు. మిమ్మల్ని ఉంచాలని చేశాను."

ఉంచారు కూడా. తర్వాతి రౌండుకి హైదరాబాదు రమ్మన్నారు. ఈసారి నేను కూడా స్టేజీ మీదికి రావాలట. భర్తను మార్చిన ఆ పాట ఏదో ఆమె పాడుతుందట, నేను చేతులు జోడించాలట. మా ఆవిడ ఆలోచనలో పడింది. నేనే, "ఒక్క నిమిషం పని గదా. నువ్వు పాడటం ముఖ్యం. చేతులు జోడిస్తే నాకు పోయేదేముంది" అన్నాను. ఆమె చివరికి సరేనంది.

బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు ఒకామె మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పనికి వెళుతుందట. వేళ్ళ కొసలు ఎర్రగా మండిపోయి ఉన్నాయి. మొగుడు గేటు బయట ఆటోలో కూర్చున్నాడు, లోపలికి రానన్నాడు. ఆమె నీళ్ళు కూడా తాగకుండా మా ఆవిడ మిషను పక్కన కింద కూర్చుంది.

"అక్కా, నీ పాట టీవీలో చూశాను. నేను అంత బాగా పాడలేను. కాని నేర్చుకుంటాను. మాస్టారిని మాన్పించిన పాట ఏదో అది నాకు చెప్పక్కా."

మా ఆవిడ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. అప్పటిదాకా నవ్వుకున్నదంతా నాకు ఎక్కడో గుచ్చుకుంది.

"ఒక్క పాటేనా, వరసగా పాడాలా? తాగినప్పుడు పాడాలా, తాగకముందా?" అని ఆమె మళ్ళీ అడిగింది. పని నేర్చుకునే మనిషిలా అడిగింది.

మా ఆవిడ మిషను మీంచి లేచి ఆమె పక్కన నేల మీద కూర్చుంది.

"అట్టాంటి పాట లేదమ్మా. ఈయన తాగడు, ఎన్నడూ తాగలేదు. తాగింది మా నాన్న. ఆయన మానింది కూడా పాటకు కాదు. నేను ఆరేడేళ్ళు పాడాను, ఒక్క పూట ఆగలేదు. మా అమ్మ మమ్మల్ని తీసుకుని కనిగిరిలో మా పిన్ని ఇంటికి వెళ్ళిపోయింది. మానితేనే వస్తానంది. అప్పుడు ఆసుపత్రికి పోయి మందులు వాడాడు. అంతే."

"టీవీలో చెప్పారు గదక్కా" అంది ఆమె.

"చెప్పారు. అది తప్పు. నేను అప్పుడే గట్టిగా అనుండాల్సింది."

ఆమెకు మా మీద కోపం రాలేదు. వచ్చుంటే కాస్త తేలిగ్గా ఉండేదేమో. మా ఆవిడ ఆమెకు అన్నం పెట్టింది. నేను గేటు దగ్గరికి వెళ్ళి ఆ మొగుడితో మాట్లాడబోయాను. అతను నన్ను ఎగాదిగా చూసి, "మీరు ఎట్టా మానారు సార్?" అన్నాడు. నేనెప్పుడూ తాగలేదన్నాను. అతను పెద్దగా నవ్వి, "మరి మీకేం తెలుస్తది" అన్నాడు. న్యాయమైన మాట. తెలిసిన మనిషి ఒకరు ఉన్నారు, పిలిపిస్తానని చెప్పాను.

మేం హైదరాబాదు వెళ్ళాం. స్టూడియోలో నన్ను ముందు ప్రేక్షకుల్లో కూర్చోబెట్టారు. పోటీ ఇంకా మొదలు కాలేదు, స్టేజీ ఖాళీ. ఒకతను మా ముందు నిలబడి, ఇప్పుడు నవ్వండి, ఇప్పుడు ఆశ్చర్యపోండి, ఇప్పుడు కళ్ళు తుడుచుకోండి అంటుంటే కెమెరా మమ్మల్ని తీసుకుంది. ఇంకా పాడని పాటకు నేను కూడా కళ్ళు తుడుచుకున్నాను. నా పక్కన ఒక పెద్దావిడ రోజూ వస్తుందట. "నాకు ఏడుపు తొందరగా వస్తది. అందుకని ముందు వరసలో వేస్తారు" అని చెప్పి, సంచిలోంచి జంతిక తీసి పెట్టింది.

మా ఆవిడ వంతు వచ్చింది. నన్ను స్టేజీ మీదికి పిలిచారు. యాంకర్ మా ఆవిడ చేతులు పట్టుకుని, "మీ ఆయన్ని మార్చిన ఆ పాట ఈరోజు మా అందరి కోసం" అంది. నేను జోడించడానికి చేతులు సిద్ధంగా పెట్టుకున్నాను.

మా ఆవిడ మైకు దగ్గరగా తీసుకుంది. "అట్టాంటి పాట లేదండి. ఈయన తాగరు. తాగింది మా నాన్న. ఆయన మానింది మా అమ్మ పట్టుదలతో, డాక్టరు గారి మందులతో. పాట వింటే మానతారని ఎవరన్నా నమ్మి కూర్చుంటే వాళ్ళకు నష్టం. అందుకని చెబుతున్నా."

ఎక్కడో కట్ అన్నారు. లైట్లు సగం తగ్గాయి. ఏవీ అమ్మాయి పరుగున వచ్చింది. మొహం పాలిపోయింది.

"అక్కా, ప్లీజ్. ఒక్క మాటక్కా. నా ఉద్యోగం."

"నిన్ను ఎవరేమన్నా అంటే నాకు చెప్పు, నేను మాట్లాడతాను" అంది మా ఆవిడ. "పాడమంటే ఎంతసేపైనా పాడతాను. ఆ మాట మాత్రం నా నోట రాదు."

ఆ అమ్మాయి చెవిలోని వైరులో ఎవరో అరుస్తున్నారు. ఆమె అది తీసి చేతిలో పట్టుకుని, "సరే, పాడక్కా" అంది.

మా ఆవిడ వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న నాట్ల పాట పాడింది. వాద్యాలవాళ్ళకు ఆ పాట తెలియదు, తబలా ఆయన ఒక్కడే మెల్లగా అందుకున్నాడు. ఇందాక నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఎవరూ చెప్పకుండానే చప్పట్లు మొదలుపెట్టింది. జడ్జిలు బాగా మెచ్చుకున్నారు. అయినా ఆ రౌండులోనే మా ఆవిడను పోటీ నుంచి తీసేశారు. నేను బాధపడ్డానేమో గానీ ఆమె పడలేదు. రైల్లో గుంటూరు దాకా నిద్రపోయింది.

రెండు వారాలకు అది టీవీలో వచ్చింది. యాంకర్ "మీ ఆయన్ని మార్చిన ఆ పాట" అనడం ఉంది. వెంటనే నాట్ల పాట ఉంది. మధ్యలో మాటల్లేవు. నేను కళ్ళు తుడుచుకోవడం మాత్రం రెండుసార్లు వేశారు. దాంతో నాటు వేసేటప్పుడు పాడుకునే పాట కాస్తా తాగుడు మాన్పించే పాట అయి కూర్చుంది. ఇప్పుడు ఏ పెళ్ళికి పిలిచినా, ఏ పండక్కి పిలిచినా అదే అడుగుతారు. మా ఆవిడ పాడుతుంది. పాడే ముందు మైకులో, "ఈ పాటకు తాగుడు మానదండి. నడుం నొప్పి తెలియకుండా పాడుకునేది. తాగుడుకి ఆసుపత్రికి పోండి" అని చెప్పి మొదలుపెడుతుంది. జనం నవ్వుతారు. కొందరు తర్వాత పక్కకొచ్చి ఏ ఆసుపత్రి అని అడుగుతారు. ఏవీ అమ్మాయి ఉద్యోగం పోలేదు. కాని తనే అక్కడ మానేసి ఇప్పుడు వంటల వీడియోలు తీస్తోంది. వంకాయలకు కష్టాలు అడగనక్కర్లేదని మెసేజ్ పెట్టింది.

మామగారు పొదిలి నుంచి బస్సెక్కి వచ్చి, ఆ రోజు ఆటోలో కూర్చున్న అతనితో మా వరండాలో ఒక పూటంతా కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో మాకు చెప్పలేదు. తర్వాతి వారం ఇద్దరూ కలిసి ఆసుపత్రికి వెళ్ళారు. అతను మధ్యలో రెండుసార్లు మళ్ళీ తాగాడు. రెండుసార్లూ మామగారు ఫోనులో తిట్టి, బస్సెక్కి వచ్చి, కూర్చుని వెళ్ళాడు. ఇప్పుడు కొన్ని నెలలుగా బాగానే ఉన్నాడు. ఇక ముందు సంగతి ఎవరూ చెప్పలేరు, మామగారు కూడా చెప్పడు.

అయితే ఆయనలో ఏదో కదిలింది. ఇరవై ఏళ్ళుగా సిగ్గుపడి నోరు విప్పని మనిషి, ఒక ఆదివారం తమ ఊరి చర్చిలో సాక్ష్యం చెబుతాను, మీరు రావాలి అన్నాడు. వెళ్ళాం. ఆయన లేచి నిలబడి, ముందుగా, "టీవీలో చూసింది నమ్మబాకండి. మా అల్లుడు మంచోడు. తాగింది నేను" అన్నాడు. తర్వాత చాలాసేపు చెప్పాడు. అక్కడి అయ్యగారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు.

కనిగిరి సంగతి వచ్చింది. భార్యాపిల్లల్ని తెచ్చుకోవడానికి మూడుసార్లు బస్సెక్కాడట. మూడుసార్లూ దారిలోనే తాగి, బస్టాండులో కూర్చుని, ఇంటి దాకా పోలేక మళ్ళీ తిరుగు బస్సెక్కాడట. నాలుగోసారి ఒంటి మీద తెలివితో దిగి, నడిచి వెళ్ళాడట. "ఆ మూడుసార్లు వచ్చిన సంగతి మా ఇంట్లోవాళ్ళకు ఈరోజుకీ తెలవదు" అన్నాడు.

మా ఆవిడకు నిజంగానే తెలియదు. పైట చెంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి మా అత్తగారి గొంతు వినిపించింది. కూతురి గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికైనా అర్థమయ్యేంత గట్టిగా.

"నాకెందుకు తెలవదు? మా చెల్లెలి మొగుడు మూడుసార్లూ వచ్చి చెప్పాడు, బస్టాండులో ఉన్నావని. పోయి పిలుచుకొస్తానంటే నేనే వద్దన్నా. నడిచి రాగలిగినప్పుడు వస్తాడులే అన్నా."

మామగారు అక్కడే నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. చర్చి మొత్తం నవ్వింది, అయ్యగారు కూడా. ఆయన కాసేపటికి తేరుకుని, "అయితే ఇంక నేను చెప్పేదేం లేదు" అని కూర్చున్నాడు. అత్తగారు పక్కనున్నామెను చాప జరపమని చెప్పి, పొయ్యి మీద కూర ఉంది, తొందరగా ముగించమని అయ్యగారికి సైగ చేసింది.